కనకరత్నం గారి గడి లేని ప్రశ్న

కనకరత్నం గారు మనిషి కనబడితే పేరు అడగరు, ఊరు అడగరు. "ఏం కూరండీ ఇవాళ?" అని అడుగుతారు.

అది పలకరింపు అనుకుంటే పొరపాటు. పలకరింపుకి జవాబు అక్కర్లేదు. ఈయనకి కావాలి. "ఏదో వండుకున్నాం లెండి" అంటే వదలరు. వంకాయా? నల్ల వంకాయా, చారల వంకాయా? గుత్తిగా వండారా, ముక్కలు కోశారా? అల్లం పడిందా? ఒకసారి కూర్మన్నపాలెం జంక్షన్‌లో హెల్మెట్ లేదని ట్రాఫిక్ కానిస్టేబుల్ మా బండి ఆపాడు. బండి నాది, వెనక సీటు మీద ఎండకి మెరుస్తున్న బట్టతల ఆయనది. నేను కాగితాలు వెతుక్కుంటుంటే ఆయన తాపీగా దిగి, కానిస్టేబుల్ దగ్గరికి వెళ్ళి ఏం కూర తెచ్చుకున్నారని అడిగారు. కానిస్టేబుల్ కాసేపు ఆయన మొహంలోకి చూసి, నేరం ఒప్పుకుంటున్నవాడిలా "బెండకాయ" అన్నాడు. జిగురు విరిగిందా అని ఈయన. విరగలేదని అతను. చలానా రాయడం మానలేదు గాని, రాస్తూ రాస్తూ, చెంచాడు మజ్జిగ ఎప్పుడు వెయ్యాలో రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు.

క్రెడిట్ కార్డు అంటగట్టడానికి ఫోన్ చేసిన అమ్మాయికీ అదే ప్రశ్న పడింది. ఆ అమ్మాయి ఎక్కడో హాస్టల్లో ఉంటుందిట. మూడు రోజులుగా సొరకాయేనని చెప్పి ఏడ్చేసింది. ఆయన కార్డు తీసుకోలేదు. ఆ అమ్మాయి మాత్రం ఇప్పటికీ ఆదివారాలు ఫోన్ చేస్తుంది.

ఇలాంటి మనిషి కింద నేను నాలుగు నెలలు పనిచేశాను. మా పని మానవాభివృద్ధిని కొలవడం.

నవ్వకండి. మా పక్క జిల్లాలో ఇరవై నాలుగు పల్లె మండలాలు ఉన్నాయి. ఏ మండలంలో మనుషులు ఎంత అభివృద్ధి చెందారో ఇంటింటికీ తిరిగి కనుక్కోమని ఒక సంస్థకి అప్పగించారు. ఆ సంస్థ గాజువాకలో ఒక బట్టల కొట్టు మేడ మీద గది తీసుకుని మాలాంటి వాళ్ళని పోగేసింది. ఎన్నాళ్ళు బతుకుతున్నారు, ఎంత చదివారు, ఎంత సంపాదిస్తున్నారు, ఏం తింటున్నారు: ఇవన్నీ కలిపి రుబ్బితే సున్నాకీ ఒకటికీ మధ్య ఒక అంకె వస్తుంది. ఆ అంకె మండలానిది. ట్రైనింగులో కూర్చుని నా అంకె నేనే వేసుకున్నాను. డిగ్రీ మధ్యలో మానేసి, తూకానికి కొన్న పాత పుస్తకాలు చదివి, లోకం మీద కోపం పెంచుకోవడం తప్ప వేరే సంపాదన లేనివాణ్ణి. వచ్చిన అంకె బయటికి చెప్పలేదు.

కనకరత్నం గారు మా సూపర్వైజరు. భీమవరం దగ్గర పల్లె నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి, ఓడల్లోంచి దిగే బస్తాలు ముప్పై నాలుగేళ్ళు లెక్కపెట్టి రిటైరయ్యారు. విశాఖ వచ్చి ఇన్నేళ్ళయినా నోట్లోంచి గోదావరి పోలేదు. ఈ వయసులో ఈ ఎండల్లో ఈ పని ఎందుకు మాస్టారూ అని మొదటి రోజే అడిగాను.

"ఇంట్లో కూర ఏంటని పొద్దున్నే మా ఆవిణ్ణి అడిగేస్తానండీ. ఆవిడ చెప్పేస్తుంది. ఇంక రోజంతా ఎవర్ని అడగను?"

ఈ పనిలో ఆయనకి రోజుకి పన్నెండు ఇళ్ళు దొరికాయి. పన్నెండు ఇళ్ళలో పన్నెండు కూరలు. ట్యాబ్‌లో అరవై నాలుగు ప్రశ్నలు ఉండేవి. ఆ అరవై నాలుగులో కూర ప్రశ్న లేదు. "గత ఏడు రోజుల్లో పప్పు ఎన్ని రోజులు, ఆకుకూర ఎన్ని రోజులు, గుడ్డు ఎన్ని రోజులు, చేప లేదా మాంసం ఎన్ని రోజులు" అని నలభై ఒకటో ప్రశ్న ఉంది గాని, ఆయన దృష్టిలో అది కూర గురించి అడగడం కాదు. కూర పరువు తియ్యడం.

దానికి తోడు క్యారియర్. నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని బండి వెనక కూర్చునేవారు. గతుకు పడిందంటే "కూర, కూర" అని అరిచేవారు. నేను పడిపోయినా ఆయనకి పట్టదని అప్పట్లో అనుకునేవాణ్ణి. ఏ ఇంటికి వెళ్ళినా కూర అడగడం, కాసేపటికి క్యారియర్ విప్పడం. "మా ఆవిడ ములక్కాడలో జీడిపప్పు వేసి చేసిందండీ. ఇది మీరు ఉంచుకుని, మీ చారు ఓ గిన్నెడు నాకు పొయ్యండి. మా ఇంట్లో చారు కుదిరి చావదు." పది గంటలకి నాలుగు కూరలతో బయలుదేరిన క్యారియర్‌లో రెండయ్యేసరికి నాలుగు ఇళ్ళ చార్లు ఉండేవి. ఏ నీడనో కూర్చుని ఆ నాలుగు చార్లతో అన్నం తింటూ, మొదటిదానిలో మిరియం తగ్గిందనీ మూడోదానిలో అసలు చింతపండే లేదనీ నాకు వివరించేవారు. నేను తెచ్చుకున్న పులిహోర పొట్లం వంక చూసి నిట్టూర్చేవారు.

మాకు పన్నెండు ఇళ్ళ కోటా. ఆయనతో వెళితే ఏడు దాటేవి కావు. మిగతా జట్ల వాళ్ళు ఆయనకి కూరల మాస్టారని పేరు పెట్టారు. నేను లోపల ఇంకా పెద్ద మాటే అనుకున్నాను. ఆకలి మీద సర్వే చేస్తూ ఊరి కూరలన్నీ రుచి చూసే తిండిపోతు అనుకున్నాను.

నా ఊహకి మొదటి దెబ్బ ట్యాబ్‌లోనే తగిలింది. ఫారం చివర "ఇతర వివరాలు" అని ఒక గడి ఉంది. వంద అక్షరాలు పడతాయి. మేమంతా దాన్ని ఖాళీగా వదిలేసేవాళ్ళం. ఒక రోజు బండి రిపేరుకిచ్చి, బస్సులు లేక ఎలమంచిలి స్టేషన్‌లో కూర్చుని, ఆయన పంపిన ఫారాలు తిరగేశాను. ప్రతి ఇంటికీ ఆ గడి నిండి ఉంది.

"బీరకాయ. నిజం."

"పప్పు అన్నారు. వాసన లేదు. పొయ్యి చల్లగా ఉంది."

"గుడ్డు. ఒకటే. పిల్లలు ఇద్దరు."

"చారు. నిన్నటిది. రేపటికి కూడా అదే."

"వంకాయ అన్నారు. పిల్ల ఎక్కడ అని అడిగింది."

చివరిది చదివి ఆగాను. తల్లి వంకాయ కూర అంది. పక్కనున్న పిల్ల, ఎక్కడమ్మా, అని అడిగింది. ఆ ఇల్లు నాకు గుర్తుంది. అక్కడ ఆయన రెండు గిన్నెలు ఖాళీ చేసి, చారు కోసం పావుగంట బతిమాలారు. నేను బండి దగ్గర నిలబడి, సిగ్గులేని మనిషి అని తిట్టుకున్నాను. పొయ్యి చల్లగా ఉన్న ఇళ్ళూ, ఆయన గిన్నెలు మార్చిన ఇళ్ళూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే జాబితా.

ఆయన్ని అడగలేదు. అడిగితే, చారు బాగుందండీ అంటారని తెలుసు.

సరుగుడుపాలెం మా ఆఖరి ఊరు. ఎలమంచిలి దాటి సముద్రం వైపు చివరి దాకా వెళితే ఇసకలో ఎనభై గడపలు. అంతా చేపల వేట మీద బతికేవాళ్ళు. ఆ మండలంలోనే లోపలికి ఒక మందుల ఫ్యాక్టరీ ఉంది. దాని ఉత్పత్తి విలువని కూడా మండల జనాభాతో భాగిస్తారు కాబట్టి, కాగితం మీద సరుగుడుపాలెంలో ప్రతి తలకీ లక్షలు వస్తున్నాయి. సగటు అంటే నాకు మొదటి నుంచీ మంట. మా తాత ఊరు ఇప్పుడు ఒక ఫ్యాక్టరీ గోడ వెనకాల ఉంది. ఆయన కూడా చనిపోయే నాటికి సగటున ధనవంతుడే.

సూరన్న అనే అతని ఇంటికి వెళ్ళాం. అతను వేటకి పోయాడు. తల్లి గంగాలమ్మ గంపలు కడుగుతోంది. భార్య సీతాలు గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఇరవై మూడేళ్ళు ఉంటాయి. ఆరో నెల. కళ్ళ కింది రెప్ప లాగి చూడక్కర్లేకుండానే తెల్లగా పాలిపోయి ఉంది.

కూర ప్రశ్న పడింది.

"సేపలే బాబూ, ఏటుంటాది," అంది సీతాలు.

గత ఏడు రోజుల్లో చేప ఎన్ని రోజులు తిన్నారని నేను అడిగాను. ఆరు రోజులంది. నొక్కాను. ట్యాబ్ మీద ఆకుపచ్చ మొహం ఒకటి పుట్టి నవ్వింది. పోషకాహారం, ఉత్తమం.

కనకరత్నం గారు మాత్రం, ఏం చేపలమ్మా అన్నారు. ఆ అమ్మాయి మూత తీసి చూపించింది. చిటికెన వేలంత నెత్తళ్ళు, సగం నలిగినవి. పులుసు పైన తేలుతున్నవి తలలే. నిన్న? ఇవే. మొన్న? ఇవే. మరి ఆ మిగిలిన ఒక్క రోజూ ఏం వండావని ఆయన అడిగారు. అప్పుడు సీతాలు మొహం విప్పారింది.

"ఆ దినం మాకు కోనాం పడింది బాబూ. అయిదు సేపలు. ఆ దినం వంకాయ వొండేను."

కోనాం అంటే మా వైపు చేపల్లో రాజు. అది దొరికిన రోజు వంకాయ వండుకోవడం ఏమిటని నేను అడిగాను. గంగాలమ్మ గంప బోర్లించి నా వైపు తిరిగింది.

"ఏటి బాబూ, సదువుకున్నోడివి. మంచి సేప పడితే అమ్మీతాం. ఆ దినం కూరగాయలొండుకుంటాం. ఎవులూ కొనని సేప పడితే మేం తింటాం. సేప తిన్నామంటే ఆ యేళ ఏటీ పళ్ళేదనే కదా."

నేను ట్యాబ్ వంక చూశాను. ఆకుపచ్చ మొహం ఇంకా నవ్వుతోంది. వారంలో ఆరు రోజులు వల ఖాళీగా వచ్చిన ఇల్లు ఆ మొహానికి వారంలో ఆరు రోజులు విందు.

ఈ రాతలకి ఏటొత్తాది అని గంగాలమ్మ అడిగింది. ఊరూరా అందరూ అడిగేదే. ఈసారి చెప్పడానికి ఒక జవాబు ఉంది. ఈ అంకెల జాబితాలో చివరి అయిదు మండలాలకి తలా ఒక అంబులెన్సు, అందులో నర్సు, రెండు నెలల తరవాత నుంచి మండలంలోనే ఉండేలా ఇస్తామని పైవాళ్ళు మాట ఇచ్చారు. అది విని గంగాలమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంది. తరవాత చెప్పింది. పోయినేడు సీతాలుకి నొప్పులొచ్చినప్పుడు ఫోన్ చేస్తే బండి పక్క మండలం నుంచి రావాలన్నారు. గంటన్నర చూసి ఆటో ఎక్కించారు. పిల్లాడు ఆటోలోనే పుట్టాడు. ఏడవలేదు.

"ఈపాలి రత్తం నేదు, పెద్దాసుపత్రికి దగ్గర్లో ఉండమని నర్సమ్మ సెప్పింది బాబూ. దగ్గరంటే ఎక్కడుంటాం? సముద్రాన్ని ఒగ్గీసి ఎల్లిపోతామా?"

సీతాలు బియ్యం ఏరుతూనే ఉంది. కనకరత్నం గారు క్యారియర్ మూడు గిన్నెలు విప్పారు. తోటకూర పప్పు, ఉడికించిన గుడ్ల వేపుడు, ఇంకోటి గుర్తులేదు. నెత్తళ్ళ పులుసు ఒక గిన్నెడు పుచ్చుకున్నారు. వంద అక్షరాల గడిలో "చేప. అంటే లేదు." అని రాశారు.

మర్నాడు ఆయన ఆఫీసుకి వెళ్ళారు. నేనూ వెళ్ళాను. మేనేజరు సాయిశంకర్ నాకంటే రెండేళ్ళు పెద్ద. చెడ్డవాడు కాదు. ఎవరైనా చెడ్డవాళ్ళయితే నాకు పని తేలికయ్యేది. ఆయన చెప్పిందంతా ఓపికగా విని, ఫారం కమిటీ ఆమోదించినదనీ, మధ్యలో మార్చడం కుదరదనీ చెప్పాడు.

"సార్, చేప అంటే ప్రోటీన్. ప్రపంచమంతా అంతే."

"ప్రపంచమంతా అంతేనండీ. సరుగుడుపాలెంలో కాదు."

"మరి రిమార్క్స్‌లో రాయండి సార్."

"రాశానండీ. ఏడు వందల ఇళ్ళకి రాశాను. ఎవరు చదువుతారు?"

సాయిశంకర్ నిజాయితీగా ఆలోచించాడు. సాఫ్ట్‌వేర్ ఆ గడిని తీసుకోదన్నాడు. అంకెలు మాత్రమే తీసుకుంటుందట.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాం. పాలెం ఫారాలు ఇంకా నా ట్యాబ్‌లోనే ఉన్నాయి, పంపలేదు. అప్పుడు నేను అన్నాను: "మాస్టారూ, ఎనభై ఇళ్ళు. చేప ఆరు రోజులన్న చోట సున్నా కొడదాం. ఇలాంటి పాలేలు ఆ మండలంలో ఇంకో నాలుగున్నాయి, అవీ నా దగ్గరే ఉన్నాయి. గంట పని. ఎవడికీ తెలీదు."

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"తిన్న చేపని తినలేదని రాయకూడదు నాన్నా. తిన్నమాట నిజం. దాని అర్థం రాయడానికి గడి లేదు, అంతే. మనం ఒక అబద్ధం రాస్తే, ఇంకో మండలంలో ఇంకో అమ్మాయికి రావాల్సిన బండి పోతుంది. ఆ అమ్మాయి ఎవరో మనకి తెలీదు కాబట్టి తేలిగ్గా ఉంటుంది, ఆయ్."

ముప్పై నాలుగేళ్ళు ఓడ దగ్గర నిలబడి బస్తా ఎక్కువ రాయని, తక్కువ రాయని మనిషి. నాకు ఒళ్ళు మండింది. అయినా పంపేశాను. ఉన్నది ఉన్నట్టు.

నెలన్నరకి జాబితా వచ్చింది. సరుగుడుపాలెం ఉన్న మండలం చివరి నుంచి ఆరోది. అయిదో దానికీ దీనికీ తేడా వెయ్యింట మూడు వంతులు. మూడు. ఇరవై నాలుగు మండలాల్లో పోషకాహారంలో మొదటి స్థానం మాత్రం దానిదే. రిపోర్టులో ఒక వాక్యం కూడా రాశారు, తీర ప్రాంత ప్రజల ఆహారపు అలవాట్లు ఆదర్శప్రాయమని.

నేను ఆ కాగితం పట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. నా కోపమంతా ఆయన మీదే. మీ నిజం ఆ అమ్మాయిని చంపుతుంది మాస్టారూ అన్నాను. ఆయన అంకె చూశారు, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. చొక్కా వేసుకుని, బండి తియ్యమన్నారు.

సరుగుడుపాలెం చేరాక, సూరన్న కూడా ఇంట్లో ఉంటే, ముగ్గురి ఎదుటా నిలబడి మహా దీనంగా మొహం పెట్టారు.

"మా ఆవిడకి నెత్తళ్ళ పులుసు చేతకావట్లేదండీ. మొన్న మీ ఇంటి పులుసు తిన్నాక నాకు అన్నం సయించట్లేదు. ఇంట్లో రోజూ గొడవ. సీతాలమ్మ ఓ నెల, నెలన్నర వచ్చి, మా ఆవిడకి నేర్పి వెళితే మా కాపురం నిలబడుతుందండీ."

ఆయన భార్య పద్మావతి గారికి చేపల పులుసు రాదుట. పోర్టు క్వార్టర్స్‌లో ఆవిడ పులుసు పెట్టిన రోజు పక్క బ్లాకు వాళ్ళు గిన్నెలతో వచ్చేవారని స్వయంగా ఈయనే నాకు వంద సార్లు చెప్పారు. గోదావరి ఆడపడుచు. ఆవిడకి పులుసు నేర్పడమంటే సరుగుడుపాలెం వాళ్ళకి వల విసరడం నేర్పడం.

గంగాలమ్మ ఆలోచించి, కోడలెందుకు, నానొత్తానంది. కనకరత్నం గారికి చెమటలు పట్టాయి.

"మీరొద్దండీ. మీది పాతకాలం చెయ్యి. మా ఆవిడ అందుకోలేదు."

"దీనికేటొచ్చు బాబూ? నిన్న పులుసులో ఉప్పే ఎయ్యనేదు."

"ఆ ఉప్పు లేని పులుసే కావాలండీ. నాకు బీపీ."

సూరన్న తల దించుకుని విన్నాడు. ఊరికే ఒకరింట తిని కూర్చోవడానికి పెళ్ళాన్ని పంపే మనిషి కాదతను. పంపమంటే దణ్ణం పెట్టి పొమ్మనేవాడు. కాని ఇది తిండి కోసం వెళ్ళడం కాదు, పని నేర్పడానికి వెళ్ళడం. చివరికి తలెత్తి, పెళ్ళాం వైపు చూసి, "నేర్పీసి రాయే. పెద్దాయన ఇబ్బంది పడతన్నాడు," అన్నాడు.

అలా సీతాలు ఎనిమిదో నెలలో గాజువాకలో వాళ్ళింటికి వచ్చింది. పెద్దాసుపత్రి ఆ ఇంటికి ఆటోలో పది నిమిషాలు.

తరవాత నేను చూసినది చెబితే పోర్టు క్వార్టర్స్‌లో ఎవరూ నమ్మరు. అరవై ఏళ్ళ పద్మావతి గారు నోటు పుస్తకం పట్టుకుని ముక్కాలిపీట మీద కూర్చుని, "చింతపండు ముందా తల్లీ, కారం ముందా?" అని అడిగేవారు. సీతాలు చెబితే రాసుకునేవారు. మొదటి రోజు నేర్పినది నేర్పినట్టు చేస్తే పాఠం ఆ రోజుతో అయిపోతుంది కదా. అందుకని ఆవిడ రోజుకొకటి మరిచిపోయేవారు. ఒక రోజు పసుపు. ఒక రోజు మంట. ఒక రోజు ఏం తోచక ఇంగువ వేసేశారు. చేపల పులుసులో ఇంగువ. దాన్ని మొగుడికి వడ్డించారు. కనకరత్నం గారు గుటకలు వేస్తూ తినేసి లేచారు. ఆ రోజు కూర గురించి ఆయన ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

ప్రతి పూటా ఇంకో తంతు. కుదిరిందో లేదో తిని చెప్పమని సీతాలుకి విస్తరి నిండా పెట్టడం. పులుసొక్కటే రుచి చూస్తే తెలియదుట, పక్కన పప్పు ఉండాలిట, గుడ్డు ఉండాలిట, పైన గ్లాసుడు పాలు తాగితే గాని పులుపు సరిగ్గా తెలియదుట. ఆ అమ్మాయి నెల రోజులు రుచి చూసింది. బుగ్గల్లోకి రంగు వచ్చింది. నేను రెండు రోజులకోసారి ఏదో వంకతో వెళ్ళేవాణ్ణి. ముప్పై ఎనిమిది రోజులు ఒక పులుసు నేర్చుకోలేకపోయిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ముప్పై తొమ్మిదో రోజు మధ్యాహ్నం నొప్పులొచ్చాయి. ఆసుపత్రికి తొమ్మిది నిమిషాల్లో చేరారు. బాగా రక్తం పోయింది. రెండు సీసాలు ఎక్కించారు. ఇంకో అరగంట ఆలస్యమైతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కేవారు కాదని డాక్టరమ్మ మామూలుగా, రోజూ అనే మాటలాగే చెప్పింది. ఆడపిల్ల. రెండు కిలోల ఏడు వందలు. పుట్టగానే ఏడ్చింది. కారిడార్‌లో ఉన్న నాకు వినిపించింది.

నేను దీన్ని గెలుపు అని చెప్పబోవడం లేదు. ఆ మండలంలో ఆ రెండు నెలల్లో ఇంకెందరికి నొప్పులొచ్చాయో, ఎవరి బండి ఎంతసేపటికి వచ్చిందో నాకు తెలియదు. తెలుసుకోవడానికి వెళ్ళే ధైర్యం కూడా లేకపోయింది. ఒక సీతాలుకి ఒక పద్మావతి గారు దొరికారు. మిగతావాళ్ళకి ఆరో స్థానం దొరికింది.

పదిహేను రోజుల తరవాత తల్లినీ పిల్లనీ ఆటోలో పాలెం చేర్చడానికి నన్ను తోడు పంపారు. ఎలమంచిలి దాటాక పిల్ల నిద్రపోయింది. నాకు నోరు ఆగలేదు. పద్మావతి గారికి నిజంగా పులుసు రాదనుకున్నావా అని సీతాలుని అడిగేశాను.

ఆ అమ్మాయి నన్ను జాలిగా చూసింది.

"నాకు తెల్దేటి బాబూ? ఎల్లిన దినమే తెలిసింది. ఆలింట్లో అటక మీద సట్టి దాసినారు. అడుగు నల్లగా, లోపల నున్నగా ఉన్నాది. ఏళ్ళకేళ్ళు సేపల పులుసు కాగితే గాని సట్టి అలగవ్వదు."

"మరి తెలిసీ నేర్పావా?"

"అంత పెద్దావిడ పుస్తకం పట్టుకుని రాసుకుంటాంటే, నీకొచ్చునని నాకు తెలుసునే అని మొకం మీద సెప్పీమంటావా? ఆలు సిగ్గుపడరేటి? తాతైతే పాపం ఇంగువ పులుసు తినీసినాడు."

ఆటో ఇసక దారిలోకి తిరిగింది. సీతాలు పిల్ల మొహం మీద కొంగు సరిచేసి, కాస్త గొంతు తగ్గించింది.

"గాని బాబూ, ఒకటి నిజం. పెద్ద సేపకి ఆవిడ సెయ్యి దేవతే. నెత్తళ్ళు మట్టుకు ఆవిడికి రాదు. పెద్ద సేపకేసినంత పులుపూ దానికీ ఏసీత్తాది. సిన్న సేప సచ్చిపోతాది అందులో. అదొక్కటీ నిజంగానే నేర్పేను."